పాత తోటలో కొత్త మొక్క ఎందుకు లేవదు?

మా అక్కావాళ్లకు నల్గొండ జిల్లా గుర్రంపోడు దగ్గర నాలుగెకరాల బత్తాయి తోట ఉండేది. ఇరవై రెండేళ్లు కాసింది. చివరి నాలుగైదేళ్లు కొమ్మలు పైనుంచి ఎండుతూ వచ్చాయి, కాయ సైజు తగ్గింది. ఇక లాభం లేదని మూడేళ్ల కిందట బావ జేసీబీ పెట్టి చెట్లన్నీ పీకించాడు. ఒక వానాకాలం భూమిని అలాగే వదిలేసి, ఆ తర్వాత అవే గుంతల్లో మళ్లీ బత్తాయి అంట్లు పెట్టాడు. బోరులో నీళ్లున్నాయి, డ్రిప్ ఉంది, పశువుల ఎరువు బాగానే వేశాడు. అయినా రెండేళ్లు గడిచినా మొక్క మోకాలు దాటలేదు. అదే నర్సరీ నుంచి అదే ట్రాక్టర్‌లో తెచ్చి, గట్టు అవతల ఎన్నడూ బత్తాయి ఎరగని చెలకలో పెట్టిన యాభై మొక్కలు మాత్రం నడుము దాటి పెరిగాయి.

మొన్న సంక్రాంతికి వనస్థలిపురంలో మా ఇంటికి వచ్చినప్పుడు బావ జేబులోంచి భూసార పరీక్ష కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. నత్రజని కొంచెం తక్కువ, భాస్వరం మధ్యస్థం, పొటాష్ ఎక్కువ. ఉప్పు లేదు, సౌడు లేదు.

"అన్నీ ఉన్నయంటున్నరు. మరి చెట్టెందుకు లేస్తలేదు? నేల అలిసిపోయిందంటవా?" అని అడిగాడు.

నేల అలిసిపోవడం అన్న మాట మన ఒక్కరిదే కాదు. జర్మన్ రైతులు 19వ శతాబ్దంలో సరిగ్గా ఇదే అర్థం వచ్చే మాట వాడేవారు. ఇంగ్లిష్ రైతులు నేలకు 'జబ్బు చేసింది' అనేవారు. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దాదాపు 2300 ఏళ్ల కిందటే శనగ నేలను అలసటకు గురిచేస్తుందని రాశాడు. అంటే చూసినవాళ్లందరికీ కనిపించింది ఒక్కటే: ఒకే చోట ఒకే మొక్కను మళ్లీ మళ్లీ పెడితే అది ముడుచుకుపోతుంది. ఎందుకన్న దగ్గరే గొడవంతా. ఆ గొడవ తేలడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. బావ చేతిలోని కార్డు ఆ కథలో ఒక మధ్య మజిలీ దగ్గర ఆగిపోయిన కాగితం. ఆ సంగతి ఆయనకు చెప్పడం కోసం చదవడం మొదలుపెట్టి, చదివింది ఇక్కడ రాస్తున్నాను.

విషమా, ఆకలా?

1832లో జెనీవా వృక్షశాస్త్రవేత్త డి కండోల్ ఒక సిద్ధాంతం చెప్పాడు. జంతువులు విసర్జించినట్టే మొక్కలు కూడా తమకు పనికిరానివాటిని వేళ్లలోంచి బయటికి వదులుతాయి. అవి పేరుకున్న చోట ఆ జాతి మొక్క బతకలేదు, వేరే జాతి మాత్రం హాయిగా బతుకుతుంది. పంట మార్పిడి పనిచేసేది అందుకేనన్నాడు. మకేర్ అనే రసాయనవేత్త మొక్కల్ని పీకి, వేళ్లు కడిగి, నీళ్లలో నిలబెట్టి, ఆ నీళ్లలోకి ఏవో పదార్థాలు దిగడం చూపించాడు. అయితే తర్వాత చేసిచూసినవాళ్లకు అలా రాలేదు. పీకేటప్పుడు తెగిన వేళ్లలోంచి కారిన రసాన్నే ఆయన విసర్జన అనుకున్నాడని విమర్శ వచ్చింది. సిద్ధాంతం మూలకు పడింది.

దాని స్థానంలోకి వచ్చిన ఆలోచన మనందరికీ తెలిసినదే, ఎందుకంటే ఇవాళ్టికీ మనం దానిలోనే బతుకుతున్నాం. 1840లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ పుస్తకం వచ్చాక, నేలను పద్దు పుస్తకంలా చూడటం మొదలైంది. పంట తీసుకున్న ఖనిజాలు ఖర్చు, వేసిన ఎరువు జమ. ఏది అన్నిటికన్నా తక్కువగా ఉంటే పంట అంతకే ఆగిపోతుంది. ఈ సూత్రాన్ని అంతకు ముందే స్ప్రెంగెల్ చెప్పాడు, పేరు మాత్రం లీబిగ్‌కు దక్కింది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేస్తూ వచ్చారు. ఎరువు వేసిన మళ్లలో దిగుబడి నిలబడింది, వేయనివాటిలో పడిపోయింది. ఇంకేం కావాలి? నేల అలసట అంటే ఆకలి అని అందరూ ఒప్పుకున్నారు. భూసార పరీక్ష కార్డు ఈ ఆలోచనకు మనవడు.

గోధుమ విషయంలో అది నిజం కూడా. చిక్కల్లా ఆ జవాబును తెచ్చి ప్రతి పంటకూ అతికించడంలో వచ్చింది.

మొదటి దెబ్బ చక్కెర దుంప దగ్గర తగిలింది. జర్మనీలో ఫ్యాక్టరీల చుట్టూ ఏటా అదే భూమిలో దుంప వేస్తూ పోయారు. కొన్నేళ్లకు దిగుబడి కూలిపోయింది. దుంప పొటాష్‌ను బాగా లాగేస్తుంది కాబట్టి అదే కారణమన్నారు. సరిగ్గా అప్పుడే, 1861లో, ష్టాస్‌ఫుర్ట్ గనుల్లోంచి పొటాష్ ఎరువు మొదలైంది. వేశారు. అలసిన పొలాలు అలసిపోయే ఉన్నాయి. మరోవైపు 1859లోనే షాఖ్ట్ అనే ఆయన ఆ దుంపల వేళ్లకు తెల్లటి గసగసాల్లాంటివి అంటుకుని ఉండటం చూశాడు. అవి నులిపురుగుల (వేళ్లను పట్టి బతికే సన్నటి నేల పురుగులు, నెమటోడ్లు) ఆడవి, కడుపు నిండా గుడ్లతో ఉబ్బినవి. హాలె నగరంలో ప్రొఫెసర్ జూలియస్ క్యూన్ వాటి వెంటపడి, పొటాష్ లోటుకూ ఈ జబ్బుకూ సంబంధం లేదని తేల్చాడు. 1871లో ఆయన నేలలోకి కార్బన్ డైసల్ఫైడ్ ద్రవం పోసి పురుగుల్ని చంపిచూశాడు. పని చేసింది, కానీ రైతు భరించలేనంత ఖరీదు.

అదే ద్రవం ఫ్రాన్స్‌లో ఇంకో యుద్ధానికి వెళ్లింది. ద్రాక్ష వేళ్లను తినేసే ఫైలోక్సెరా అనే పురుగు తోటలకు తోటలు తుడిచిపెడుతుంటే, దాన్ని చంపడానికి సూదుల్లాంటి పనిముట్లతో నేలలోకి ఎక్కించారు. అక్కడ ఎవరూ ఊహించనిది కనిపించింది. అల్సాస్‌లో ఒబెర్లిన్ అనే ద్రాక్ష సాగుదారు 1894లో దీని గురించి రాశాడు: పాత ద్రాక్ష తోట పీకేసిన నేలలో సాధారణంగా కొత్త తీగ లేవదు, చాలా ఏళ్లు వేరే పంట వేసి ఆగాలి. ఈ మందు ఎక్కించిన చోట వెంటనే లేచింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలనిపిస్తుంది నాకు. కార్బన్ డైసల్ఫైడ్‌లో నత్రజని లేదు, భాస్వరం లేదు, పొటాష్ లేదు. నేలకు తిండి ఏమీ పెట్టలేదు. అందులో ఉన్నదేదో చచ్చింది, అంతే. అలసట తీరింది. అంటే ఆ నేల ఖాళీ అవ్వలేదు, ఏదో చేరి నిండిపోయింది. బావ ప్రశ్నకు జవాబు నూటముప్పై ఏళ్ల కిందటి ఆ వాక్యంలోనే ఉందని నా నమ్మకం. అయితే ఆ నిండినది ఏమిటో తెలుసుకోవడమే కష్టం.

పటాన్‌చెరులో జబ్బు మడి

అమెరికాలోని నార్త్ డకోటాలో అవిసె రైతులు కొత్త నేల దున్ని రెండు మూడేళ్లు పంట తీసి, నేల అలిసిందని చెప్పి ఇంకా పడమటికి జరిగిపోయేవారు. బోలీ అనే ఆయన 1894 నుంచి ఒకే మడిలో అవిసెను వరసగా వేశాడు. మొక్కలు చచ్చిపోయే స్థితి వచ్చింది. 1901లో కారణం బయటపెట్టాడు: ఫ్యుజేరియం అనే శిలీంద్రం. వేళ్లలోంచి దూరి, నీరు పారే నాళాలను మూసేస్తుంది. ఆ చచ్చే మడిలోనే చావకుండా మిగిలిన పిడికెడు మొక్కల విత్తనం దాచి, మళ్లీ అక్కడే వేసి, తట్టుకునే రకాలు తయారుచేశాడు.

ఈ పద్ధతి మనకు చాలా దగ్గర్లోనే జరిగింది. పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో మొదలైంది. కంది, శనగ ఎండు తెగులు మీద పనిచేయడానికి అక్కడి శాస్త్రవేత్తలు కావాలనే నేలను పాడుచేశారు. ఎండిపోయిన మొక్కల్ని ముక్కలు చేసి మట్టిలో కలిపి, తెగులుకు లొంగే రకాన్నే వేస్తూ పోయి, మడి మొత్తాన్ని ఫ్యుజేరియంతో నింపారు. దాన్నే జబ్బు మడి అంటారు. వేల రకాల కంది, శనగ విత్తనాలు అందులో వేసి, బతికినవాటిని ఏరారు. 1993లో విడుదలైన 'ఆశ' కంది ఎండు తెగులును తట్టుకోవడం వెనక ఈ ఏరివేత ఉంది. ఆ మట్టికి పరీక్ష చేయిస్తే కార్డులో ఏ లోటూ కనిపించదు. అదే మట్టిలో జొన్న వేస్తే చక్కగా పెరుగుతుంది. జబ్బు నేలది అని ఊరికే అంటాం గానీ, అది ఒక నేలకూ ఒక పంటకూ మధ్య ఉన్న తగవు.

ఏడాది పంటల సంగతి ఇలా తేలిపోయింది. రకం మార్చొచ్చు, పంట మార్చొచ్చు. పండ్ల చెట్టు దగ్గర ఆ వెసులుబాటు లేదు. ఇరవై, ముప్పై ఏళ్లు ఒకే చోట నిలబడి, నేలను తన అలవాట్లకు తగ్గట్టు మార్చేస్తుంది. పీకేసినా వేళ్లు లోపలే ఉంటాయి. అందుకే తోటల శాస్త్రం ఇంకో యాభై ఏళ్లు వెనక నడిచింది.

మధ్యలో విషం సిద్ధాంతం మళ్లీ లేచింది కూడా. 1903లో అమెరికా భూముల విభాగం అధిపతి విట్నీ, దాదాపు ఏ నేలలోనైనా మొక్కకు చాలినంత తిండి ఉంటుందని, దిగుబడి తగ్గడానికి కారణాలు వేరేవని ప్రకటించాడు. ఆయన దగ్గర పనిచేసిన ష్రైనర్ బృందం అలసిన నేలల్లోంచి మొక్కలకు హాని చేసే కొన్ని సేంద్రియ పదార్థాలను నిజంగానే విడదీసింది. కానీ 'ఎరువు అక్కర్లేదు' అన్నట్టు వినిపించిన ఆ మాట మీద ఎంత దుమారం రేగిందంటే, అందులోని మంచి రసాయనశాస్త్రం కూడా మట్టి కొట్టుకుపోయింది.

ఇంగ్లండ్‌లో ఊబర్న్ పండ్ల క్షేత్రంలో పికరింగ్ ఆపిల్ చెట్ల కింద గడ్డి పెరిగితే చెట్టు గిడసబారడం చూశాడు. గడ్డి నీళ్లూ ఎరువూ లాగేస్తోందని ఎవరైనా అంటారు. ఆ అనుమానం తీర్చడానికి గడ్డిని ట్రేలలో విడిగా పెంచి, ట్రేల్లోంచి కారిన నీటిని మాత్రమే చెట్టు మొదట్లో పడేలా చేశాడు. చెట్టు గిడసబారింది. ఆ నీటిని కొంతసేపు గాలికి ఆరబెడితే హాని పోయింది. ఇదే ప్రశ్నను మన దేశంలో, బిహార్‌లోని పూసాలో, ఆల్బర్ట్ హోవార్డ్ మామిడి, జామ, నిమ్మ, లిచీ లాంటి చెట్ల దగ్గర తవ్వి చూశాడు. గడ్డి వల్ల నేలలో గాలి ఆడక వేళ్లు ఉక్కిరిబిక్కిరి అవుతున్నాయన్నది ఆయన వాదన. 1925లో అది అచ్చయింది. మనలో చాలామందికి హోవార్డ్ అంటే ఇండోర్ కంపోస్టు మాత్రమే గుర్తొస్తుంది. ఏ కాలంలో చెట్టు ఏ లోతు వేళ్లతో బతుకుతుందో మట్టి కడిగి చూసిన ఓపిక ఆయనది. నాకు ఆ పనే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది.

పీచ్, బత్తాయి, ఆపిల్

విషం సిద్ధాంతానికి గట్టి సాక్ష్యం చివరికి పీచ్ తోటల్లో దొరికింది. 1941లో కాలిఫోర్నియాలో ప్రోబ్‌స్టింగ్, గిల్మోర్ పాత పీచ్ వేళ్ల బెరడును మంచి మట్టిలో కలిపి, అందులో పీచ్ మొక్క పెట్టారు. మొక్క కుంగిపోయింది. 1955లో కెనడాలో పాట్రిక్ దాని లోగుట్టు విప్పాడు. పీచ్ వేళ్లలో అమిగ్డాలిన్ ఉంటుంది, చేదు బాదంలో ఉండేదే. వేరు ఊరికే ఉంటే అది ఏమీ చేయదు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టినప్పుడు సైనైడ్ పుడుతుంది. మన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. వానలు మొగం చాటేసినప్పుడు వాడిపోయిన లేత జొన్న మేసి గేదెలు పడిపోతే 'నాము తగిలింది' అంటారు. అది కూడా సైనైడే, అక్కడా మూలపదార్థం ఇలాంటిదే. పీచ్ చెట్టు పోయాక నేలలో మిగిలిన వేళ్లు కొత్త మొక్కకు నాము పెడుతున్నాయన్నమాట. పాపం డి కండోల్ పూర్తిగా తప్పు కాదు. అయితే విషాన్ని వదిలేది బతికున్న చెట్టు కాదు, దాని కుళ్లే వేరూ, ఆ వేరును తినే జీవులూ కలిసి.

ఇక మన బత్తాయి. 1912లో కాలిఫోర్నియాలో నిమ్మజాతి చెట్ల వేళ్లలో ఒక నులిపురుగును కనుగొన్నారు. మరుసటి ఏడాది కాబ్ దానికి పేరు పెట్టాడు. ఆ పేరులోనే 'సగం దూరినది' అన్న అర్థం ఉంది. ఆడపురుగు తల భాగం వేరు లోపల పాతుకుని, వెనక భాగం బయట ఉబ్బి ఉంటుంది. బయటి భాగం జిగురుకు మట్టి అంటుకుంటుంది. అందుకే సోకిన పీచు వేళ్లు ఎంత కడిగినా మురికిగా, లావుగా కనిపిస్తాయి. చెట్టును ఇది వెంటనే చంపదు. ఆకు చిన్నదవుతుంది, కాయ చిన్నదవుతుంది, కొమ్మ కొస ఎండుతుంది. నీళ్ల ఎద్దడి అనుకుని రైతు ఇంకాస్త నీళ్లు కడతాడు. నీరు నిలిస్తే, వేళ్లను కుళ్లబెట్టే ఫైటోఫ్తోరా అనే బూజులాంటి జీవికి పండగ. మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారేది దానివల్లే.

పెద్ద చెట్టు ఈ రెండిటితో ఏళ్ల తరబడి కాపురం చేస్తుంది, ఎందుకంటే దానికి పోగొట్టుకోవడానికి చాలా వేళ్లున్నాయి. నర్సరీ సంచిలోంచి వచ్చిన పిల్లమొక్కకు ఉన్నది గుప్పెడు వేళ్లు. ఇరవై ఏళ్లు తినడానికి అలవాటుపడిన సైన్యం మధ్యలో దాన్ని దింపుతున్నాం. బావ తోటలో జరిగింది ఇదేనని నా అనుమానం. దానికి తోడు మన దగ్గర అంట్లు ఎక్కువగా కట్టే జంబేరి వేరుమూలం (అంటు కింద వేరు భాగంగా ఉండే మొక్క) ఈ నులిపురుగుకూ, ఫైటోఫ్తోరాకూ తేలిగ్గా లొంగుతుంది. రంగపూర్ నిమ్మ వేరుమూలం బెట్టనూ ట్రిస్టెజా వైరస్‌నూ బాగా తట్టుకుంటుంది, కానీ నులిపురుగు విషయంలో అది కవచమేమీ కాదు. నులిపురుగునూ, ఫైటోఫ్తోరానూ ఆపగలిగే మూడాకుల నారింజ వేరుమూలం ఉంది గానీ, సున్నం ఎక్కువున్న నేలలో అది నిలదొక్కుకోదు. నల్గొండలో రెండడుగులు తవ్వితే సుద్ద తగిలే చేలు ఎన్ని లేవు?

అయితే కారణం ఒకటే అని ఎప్పుడూ అనుకోకూడదు. ఆ పాఠం ఆపిల్ నుంచి వచ్చింది. యూరప్, అమెరికా ఆపిల్ తోటల్లో మళ్లీ నాటితే వచ్చే ఈ జబ్బుకు ఒక్కో శాస్త్రవేత్త ఒక్కో దోషిని చూపిస్తూ పోయాడు. ఈలోగా రైతులు దోషిని వెతకడం మానేసి, మిథైల్ బ్రోమైడ్ లాంటి వాయువుతో నేలలో ఉన్నదాన్నంతా చంపేయడం మరిగారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తెలిసి 1992లో మాంట్రియల్ ఒప్పందం పరిధిలోకి తెచ్చారు. సంపన్న దేశాలు 2005కల్లా, మనలాంటి దేశాలు 2015కల్లా సాగులో వాడకం ఆపాలన్నారు. మందు పోయాక మళ్లీ కారణం వెతకక తప్పలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో మార్క్ మజోలా 1998లో చూపించింది ఏమిటంటే, దోషి ఒక్కరు కాదు, ముఠా. రైజోక్టోనియా, పిథియం, ఫైటోఫ్తోరా, సిలిండ్రోకార్పన్ అనే నాలుగు రకాల శిలీంద్రాలు, శిలీంద్రాల్లాంటి జీవులు, కొన్ని తోటల్లో నులిపురుగు కూడా. తోటకు తోటకు వాటాలు మారుతుంటాయి.

మజోలా వెతికిన పరిష్కారం మన వంటింటి వాసన ఉన్నది: ఆవపిండి. ఆవకాయకు ఆవాలు దంచి తడి తగిలించినప్పుడు ముక్కుకెక్కే ఘాటు ఉంది కదా, ఆ వాయువు ఎన్నో శిలీంద్రాలనూ నులిపురుగులనూ చంపుతుంది. నూనె తీసిన ఆవ చెక్క పొడిని నేలలో కలిపితే జరిగేది అదే. ఆయన పరిశోధనలో ఇంకా లోతైన విషయం ఒకటి తేలింది. ఘాటు కొద్ది రోజుల్లో పోతుంది, రక్షణ మాత్రం చాలాకాలం నిలుస్తుంది. ముందే వేడిచేసి జీవం లేకుండా చేసిన మట్టిలో అదే పిండి అంతగా పనిచేయలేదు. అంటే పిండి చంపింది కొందరినే. మిగతా పని నేలలోనే ఉన్న మంచి సూక్ష్మజీవులు చేశాయి, పిండి వాటికి బలం ఇచ్చింది. ఒక జాగ్రత్త: పిండి కలిపిన వెంటనే నాటితే మొక్క కూడా మాడుతుంది. కొన్ని వారాలు ఆగాల్సిందే.

హైదరాబాద్ ద్రాక్ష పందిళ్లు

ఈ కథ మన నగరం అంచుల్లోనే ఒకసారి నడిచింది. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒకప్పుడు కనుచూపు మేర అనాబ్-ఎ-షాహీ పందిళ్లు ఉండేవి. కొమ్మ ముక్కల్ని నేరుగా నేలలో నాటేవారు, వేరే వేరుమూలం లేదు. వేళ్ల మీద బుడిపెలు కట్టే నులిపురుగు తోట తర్వాత తోటలో చేరింది. ఆ పందిళ్లు పోవడానికి అసలు కారణాలు నీళ్లు అడుగంటడం, ఎకరం ధర ప్లాట్ల లెక్కలోకి మారడం. నేను వాటినే ముందు చెబుతాను. కానీ పాత తోట తీసి మళ్లీ ద్రాక్ష వేయాలనుకున్న రైతుకు వేళ్ల దగ్గరే ఎదురుదెబ్బ తగిలిందన్నది కూడా ఆ చరిత్రలో భాగం. తర్వాతి తరం తోటలు డాగ్‌రిడ్జ్ అనే అమెరికన్ వేరుమూలం మీదికి మారాయి.

ఇందులో చాలామందికి తెలియని ముడి ఒకటుంది. బత్తాయిని తినే నులిపురుగు చాలా కొద్ది మొక్కల మీదే బతుకుతుంది: నిమ్మజాతి, ద్రాక్ష, ఆలివ్ లాంటివి. జొన్న, పెసర, కంది మీద అది పెరగదు. కాబట్టి ద్రాక్ష తీసిన చోట బత్తాయి పెట్టడం పంట మార్పిడి కిందికి రాదు. జామ, దానిమ్మలను బాధించే బుడిపెల నులిపురుగు దీనికి పూర్తిగా తలకిందులు. టమాట, వంకాయ, బెండ ఏది దొరికినా తింటుంది. లేత జామతోటలో ఖర్చులకు వస్తాయని టమాట, బెండ వేస్తారు చాలామంది. ఆ పురుగును చేజేతులా మేపడమే అది. వాటి బదులు బంతి వేస్తే మేలు. బంతి వేళ్లు ఆ పురుగును అణచివేస్తాయి, దసరాకు గుడిమల్కాపూర్‌లో పూలకు ధరా వస్తుంది.

ఇరవై కుండీలు

ఇదంతా విన్నాక బావ అడిగింది ఒక్కటే: "మన చేన్ల ఏదుందో ఎట్ల తెలుస్తది?"

భూసార కార్డు నులిపురుగుల్ని లెక్కపెట్టదు, శిలీంద్రాలను చూడదు. పీచు వేళ్లతో సహా తడి మట్టిని సంచిలో కట్టి పంపే వేరే పరీక్ష ఉంది, ఉద్యాన అధికారిని అడిగి చేయించుకోవాలి. దానికన్నా ముందు, రెండు వందల ఏళ్ల ఈ వాదాన్నంతా ఇంటి దగ్గర కుండీల్లో పెట్టి చూడొచ్చు. మేం చేసింది అదే.

పాత చెట్ల మొదళ్లు ఉన్నచోట జానెడు లోతు నుంచి, పది పన్నెండు చోట్ల మట్టి తీసి కలిపాం. దాన్ని మూడు వాటాలు చేశాం. ఒకటి అలాగే ఉంచాం. రెండోదానికి ఎరువు కలిపాం. మూడోదాన్ని ఆవిరి మీద ఉడికించాం. పద్ధతి ఇడ్లీ పాత్రదే: పాత డ్రమ్ములో అడుగున నీళ్లు, పైన చిల్లుల రేకు, దాని మీద గోనెసంచిలో తడి మట్టి. ఆవిరి మట్టి అంతా పట్టాక అరగంట. ఆ మట్టిని రెండు వారాలు ఆరనిచ్చాకే వాడాలి, ఎందుకంటే ఉడికించినప్పుడు అమ్మోనియా, మాంగనీసు ఒక్కసారిగా విడుదలవుతాయి. నాలుగో వాటా గట్టు అవతలి చెలక మట్టి. ఒక్కో రకానికి ఐదు కుండీలు, అన్నిటిలో ఒకే ఈడు జంబేరి నారు. ఫిబ్రవరి నెలాఖరులో పెట్టాం.

లెక్క ఇలా ఉంటుంది. ఎరువు కలిపిన కుండీ లేస్తే నేల నిజంగా ఆకలితో ఉంది, లీబిగ్ గెలిచాడు. ఉడికించింది లేస్తే కారణం ప్రాణమున్నది, క్యూన్, బోలీ గెలిచారు. రెండూ లేవకుండా చెలక మట్టి ఒక్కటే లేస్తే విషమో, ఉప్పో, గట్టిపడిన నేలో చూసుకోవాలి. ఉడికించిన మట్టికి కొంత ఎరువు బలం ఊరికే వస్తుంది కాబట్టి, ఎరువు కుండీ పక్కన లేకుండా ఉడికించినదాన్ని ఒక్కదాన్నే చూసి నిర్ణయానికి రావద్దు.

మృగశిర వచ్చేసరికి తేడా తెలిసిపోయింది. ఎరువు కుండీల్లో ఆకు పచ్చబడింది, ఎత్తు పెరగలేదు. ఉడికించిన కుండీలు చెలక మట్టి కుండీలకు కొంచెం తక్కువగా, దాదాపు సరిసమానంగా ఎదిగాయి. ఉడికించని మట్టిలోని మొక్కను బోర్లించి వేళ్లు కడిగితే, ఎంత కడిగినా పీచు వేళ్లకు మట్టి వదల్లేదు.

అంటే మందు కొనుక్కొచ్చి పోస్తే సరిపోతుందా? నా ఉద్దేశంలో పోదు. తోటంతా ఉడికించలేం. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండను వాడుకునే పద్ధతి ఒకటి ఇజ్రాయెల్‌లో కటాన్ బృందం 1976లో చూపించింది. తడి నేల మీద పారదర్శక పాలిథిన్ షీటు నెలా నెలన్నర పరిస్తే పైమట్టి ఉడుకుతుంది. ఇక్రిశాట్‌లో కంది, శనగ ఎండు తెగులు మీద దీన్ని ప్రయత్నించారు కూడా. అయితే వేడి పైన ఉన్నంత లోతున ఉండదు, చెట్టు వేళ్లు లోతుకు పోతాయి. నారుమడికీ, గుంతలో నింపే పైమట్టికీ ఇది బంగారం. తోట మొత్తానికి దీన్నే నమ్ముకోవద్దు.

బావకు నేను చెప్పింది ఇది. ఇప్పుడున్న మొక్కల్లో కోలుకోనివి తీసెయ్. లోపల మిగిలిన పాత వేళ్లు ట్రాక్టర్‌తో ఎంత లోతు వస్తే అంత లోతు ఏరించు. రెండు వానాకాలాలు జొన్న, పెసర, జనుము తిప్పు. ఆ తర్వాత నాటేటప్పుడు పాత గుంతల్లో పెట్టొద్దు, రెండు పాత సాళ్ల నడుమ కొత్త సాలు గీయ్. ఆపిల్ తోటల్లో ఈ ఒక్క మార్పుతోనే మొక్కలు బాగా లేచాయి, ఎందుకంటే ఆ ముఠా అంతా పాత వేళ్ల చుట్టూనే గుమిగూడి ఉంటుంది. గుంతకు వేపపిండి, బాగా మాగిన ఎరువు వెయ్. అంట్లు కొనేముందు నర్సరీలో ఒక మొక్క సంచి చింపి వేళ్లు చూడు, పురుగు చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది.

బావ చాలాసేపు మాట్లాడలేదు. రెండేళ్లు బత్తాయి లేకుండా అంటే మాటలు కాదు, అప్పు ఆగదు. చివరికి సరేనన్నాడు గానీ, వెళ్లేముందు గేటు దగ్గర నిలబడి, "సాళ్లు నడుమకు జరిపితే డ్రిప్ లైన్లన్నీ మళ్లా పీకి ఎయ్యాలె గదా" అన్నాడు. అవును, పీకి వేయాలి. సబ్‌మెయిన్ పైపు అలాగే ఉంచి, సాళ్ల వెంట పోయే సన్న పైపులు (లేటరల్స్) మాత్రం మూడు మీటర్లు జరిపితే ఎంతవుతుందో ఇద్దరం కూర్చుని లెక్క వేస్తున్నాం.